రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ అమ్మది

ఆ రోజు లీవ్ అప్లై చేస్తూ ‘కారణం’ అనే బాక్స్ దగ్గర ఆగిపోయాను. ఏం రాయాలో తెలియలేదు. చివరికి ‘అమ్మకు ఒంట్లో బాలేదు’ అని కొట్టి సబ్మిట్ చేశాను. పది నిమిషాలకి మేనేజర్ ఫోన్ చేసి “ఏమైంది, వైరల్ ఫీవరా?” అన్నాడు. “ఆ... అట్లాంటిదే” అన్నాను.

అట్లాంటిది కాదు. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్.

ఈ నాలుగు మాటలు ఇలా రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. నిజం చెప్పాలంటే ‘క్యాన్సర్’ అన్న మాట కన్నా దాని ముందున్న మాట దగ్గరే నా నోరు ఎక్కువ తడబడింది. ఇంట్లో ఎవ్వరం ఆ మాట అనలేదు. నాన్న ‘అది’ అన్నాడు. మామ ‘ఆడోళ్ళ జబ్బు’ అన్నాడు. చెల్లి ‘అక్కడ గడ్డ’ అంది. నేనేమో ఆస్పత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఇంగ్లీషులోకి దూకేశాను. ఇంగ్లీషులో అంటే అది మా అమ్మ ఒంట్లోది కాదన్నట్టు, ఏదో డిపార్ట్‌మెంట్ పేరన్నట్టు ఉంటుంది.

మాది బాగ్ లింగంపల్లి. హౌసింగ్ బోర్డు కట్టిన ఎల్‌ఐజీ ఇళ్ళలో ఒకటి. పైన వేసిన గదిలో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ఇద్దరమ్మాయిలు అద్దెకుంటారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ నడిచి వెళ్ళే దూరంలోనే ఉండటంతో మా వైపు చాలా ఇళ్ళ మీద ఇలాంటి గది ఒకటి ఉంటుంది. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను రోజూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బ్లూ లైన్‌కి మారి, రాయదుర్గంలో దిగుతాను. అమ్మకు 54 ఏళ్ళు. పొద్దున్నే సుందరయ్య పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట తెస్తుంది. బీపీ లేదు, షుగర్ లేదు. ‘మా అమ్మకేం కాదు’ అని నేను అనుకోవడానికి ఇవి చాలు.

సంక్రాంతి అయిన మూడో రోజు హనుమకొండ నుంచి చెల్లి ఫోన్ చేసింది. దాని పెళ్ళై అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

“అన్నా, జర పక్కకు పోయి మాట్లాడు.”

లిఫ్ట్ దగ్గరికి వెళ్ళాను.

“అమ్మకు ఎడమ దిక్కు గడ్డ ఉన్నదట. నీకు చెప్పాలంటే సిగ్గైతుందట. నన్ను చెప్పమంది.”

“ఎప్పటి నుంచి?”

చెల్లి కాసేపు మాట్లాడలేదు. “శ్రావణం నుంచి అంట.”

వేళ్ళ మీద లెక్కేశాను. ఐదు నెలలు. ఒక శ్రావణ శుక్రవారం తలస్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. పెద్దదవుతోందని తెలిసేసరికి చెల్లికి ముహూర్తం పెట్టేశారు. ‘పిల్ల పెళ్ళి కానియ్, తర్వాత చూద్దాం’ అనుకుంది. మా ఇంటి దగ్గరి ఆర్టీసీ కల్యాణ మండపంలో పెళ్ళి జరిగిన రోజు పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా కాళ్ళ మీదే ఉంది. ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలోనూ నవ్వుతూనే ఉంది.

మధ్యలో ఇంకొకటి జరిగింది. అక్టోబర్‌లో మా ఆఫీసులో ‘పింక్ డే’ చేశారు. రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం అందరికీ గులాబీ రంగు టీషర్టులిచ్చారు. కెఫెటేరియా నిండా గులాబీ బెలూన్లు. నేను ఆ టీషర్టులో సెల్ఫీ దిగి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అమ్మ బొటనవేలు ఎమోజీ పెట్టి, “రంగు మంచిగున్నది బిడ్డా” అని వాయిస్ మెసేజ్ పంపింది. అప్పటికే ఆమెకు గడ్డ ఉంది. ఆ టీషర్టు దేనికోసమని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఫొటో ఇంకా గ్రూపులోనే ఉంది. అక్కడిదాకా పైకి స్క్రోల్ చేయను.

మర్నాడే డాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి డయాగ్నస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేశారు. రిపోర్టులో ‘బైరాడ్స్ 5’ అని ఉంది. ఫొటోలో కనిపించినదాన్ని బట్టి రేడియాలజిస్టులు వేసే గ్రేడు అది. 5 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతం పైనే. అయినా బయాప్సీ చేస్తే తప్ప ఖాయంగా చెప్పరు. సూదితో గడ్డలోంచి సన్నని ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. “సూది పొడిస్తే ఒళ్ళంత పాకుతదిరా” అని మామ భయపెట్టాడు. అది అపోహ అని డాక్టర్ ఒక్క ముక్కలో తేల్చేసింది.

వారానికి రిపోర్టు వచ్చింది. నేనిచ్చిన ఈమెయిల్‌కి పీడీఎఫ్. సాయంత్రం పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారుతూ తెరిచాను. ‘ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 2’. ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుండిపోయాను. మూడు రైళ్ళు వెళ్ళిపోయాయి.

ఇంటికెళ్తే అమ్మ తలుపు తీసింది. “రిపోర్ట్ వచ్చిందా?”

“ఇంకా రాలే. ఇన్‌ఫెక్షన్ లాగున్నదన్నరు. ఇంకో టెస్ట్ చెయ్యాలెనట.”

“అట్లనా” అని నా మొహం ఒకసారి చూసి, చపాతీ పిండి దగ్గరికి పోయింది.

ఆ రాత్రి డాబా మీద నాన్న, నేను, రామ్‌నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చిన మామ కూర్చున్నాం. “మీ అమ్మకు చెప్పకురా, భయంతోనే సగమైతది” అన్నాడు మామ. నాన్న అవునన్నాడు, కాదన్నాడు అని చెప్పలేను. తల మాత్రం ఊపాడు. నాకూ అదే సుఖంగా అనిపించింది. చెప్పకపోతే నేను ఆమె కళ్ళల్లోకి చూడక్కర్లేదు.

తర్వాత ఐదు రోజులు నాకు చేతనైన పని చేశాను. ఎక్సెల్ షీట్ తెరిచాను. ఆస్పత్రులు, డాక్టర్లు, సెకండ్ ఒపీనియన్, పాలసీ లిమిట్, నా లీవులు, బ్లడ్ గ్రూపులు, తినాల్సినవి, తినకూడనివి. మొత్తం 43 వరసలు. ఒక్కోదానికీ ఒక స్టేటస్, ఒక రంగు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే ఎలా పని చేస్తామో అలా చేశాను. అర్ధరాత్రి దాకా మేలుకుని స్టడీలు చదివాను. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానో ఆమె మాత్రం పక్క గదిలో టీవీ చూస్తోంది.

ఆదివారం పొద్దున బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వచ్చింది. నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. తడి చీర దులుపుతూ, నా వైపు చూడకుండానే అంది:

“ఐదు రోజులైంది. ఎప్పుడు చెప్తవ్?”

నాకు మాట రాలేదు.

“కౌంటర్‌ల ఫోన్ నంబర్ నాదే ఇచ్చిన కదరా. రిపోర్ట్ నా వాట్సాప్‌కు గూడ వచ్చింది.”

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఓటీపీలు, లాగిన్‌లు, నోటిఫికేషన్‌లు ఎవరికి వెళ్ళాలో ఎవరికి వెళ్ళకూడదో చూసుకోవడమే నా ఉద్యోగం. రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ అమ్మదని నాకు తట్టనే లేదు.

ఆ రోజు సాయంత్రం, నేను ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్న సమయానికే, అమ్మ ఫోన్ పట్టుకుని పై గదికి వెళ్ళిందట. ఇంగ్లీషు చదవగలదు కానీ ఆ ఇంగ్లీషు కాదు కదా. ఒక అమ్మాయి చేతిలో పుస్తకం పక్కన పెట్టి రిపోర్టు చదివి, “ఆంటీ, అన్న వచ్చినంక చదివించుకోండి” అందట.

“ఆ పిల్ల మొఖం చూస్తేనే తెలిసింది” అంది అమ్మ. “నేనే చెప్పమన్న. చెప్పింది. గంటసేపు నా దగ్గరనే కూసున్నది. మర్నాడు దానికి పరీక్ష గూడ ఉండె.”

“మరి నాకెందుకు చెప్పలేదు? తెలిసిందని?”

“నువ్వు దాస్తున్నవ్ కదా. నీకు ధైర్యం చాల్తలేదేమో, టైమ్ ఇద్దామని ఊకున్న.”

నాకు ఒక్కసారిగా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. “నువ్వు శ్రావణం నుంచి దాచినవ్ కదా” అనేశాను.

అమ్మ చీరకి క్లిప్పులు పెట్టడం ఆపి నా వైపు తిరిగింది. “అవ్, దాసిన. అది తప్పే. నువ్వు చేసింది గూడ తప్పే. ఇగ ఇద్దరం బంద్ చేద్దాం.”

అంతే. ఏడవలేదు, నన్ను ఏడవనివ్వలేదు. బకెట్ నా చేతికిచ్చి కిందికి దిగింది.

ఆ ఐదు రోజుల గురించి నేను ఎంత ఆలోచించినా ఒక్కదగ్గరికే వచ్చి ఆగుతాను. ఆమె ఒంటి గురించి ముగ్గురు మగవాళ్ళం డాబా మీద కూర్చుని తీర్మానం చేశాం. ప్రేమతోనే చేశాం, అబద్ధం కాదు. కానీ ఆ ఐదు రాత్రులు ఆమె ఒంటరిగా భయపడింది. భయపడుతూనే మా ముందు తెలియనట్టు నటించింది. మేము ఆమెకు తగ్గించింది ఏమీ లేదు. ఆమె మీద ఇంకో పని వేశాం.

మొదటి కన్సల్టేషన్‌కి వీఎస్‌టీ స్టీల్ బ్రిడ్జి మీదుగా ఆటోలో వెళ్ళాం. నా చేతిలో 43 వరసల ప్రింటవుట్. డాక్టర్ రిపోర్టులు చూసి నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అమ్మ మధ్యలో, “డాక్టరమ్మా, నాతోటి చెప్పండి. తెలుగుల చెప్పండి” అంది. డాక్టర్ కుర్చీ అమ్మ వైపు తిప్పుకుంది.

అక్కడ నేను నేర్చుకున్నది మీకూ చెప్తాను. ఎందుకంటే రిపోర్టు ముందుగా మీ ఫోన్లకే వస్తుంది.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలడం ఆఖరు కాదు, అది ఏ రకమో తెలియాలి. దానికి అదే ముక్క మీద ఇంకో పరీక్ష చేస్తారు, ఐహెచ్‌సీ అంటారు. అందులో మూడు పేర్లు చూస్తారు: ఈఆర్, పీఆర్, హెర్2. మొదటి రెండూ హార్మోన్ల సంగతి. అవి పాజిటివ్ అయితే హార్మోన్ దారిని మూసే మాత్రలు పనిచేస్తాయి. ఏళ్ళ తరబడి వాడాలి. హెర్2 పాజిటివ్ అయితే దానికి ప్రత్యేకమైన ఇంజెక్షన్లున్నాయి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్, దానికి చికిత్స దారి వేరు. అందుకే పక్కింటి ఆంటీకి ఇచ్చిన మందు మీ అమ్మకు ఎందుకివ్వలేదని డాక్టర్‌తో గొడవపడి లాభం లేదు. పేరు ఒకటే, జబ్బులు వేరు.

అమ్మకు ఈఆర్, పీఆర్ పాజిటివ్. హెర్2 దగ్గర 2+ అని వచ్చింది. అంటే అటూ కాదు ఇటూ కాదు. ఫిష్ అనే ఇంకో పరీక్షకు పంపాలి. “ఫిష్ అంటే రామ్‌నగర్ చేపలా?” అంది అమ్మ. డాక్టర్ కూడా నవ్వింది. అది నెగెటివ్ అని వచ్చింది. పెట్ సీటీలో చంక కింద గ్రంథి ఒకటి తప్ప ఇంకెక్కడా లేదు. గడ్డ పెద్దదే కాబట్టి ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్, మాత్రలు. ఇదీ ప్లాన్.

డాక్టర్ “ఏమైనా అడగాలా?” అంది. నేను షీట్ తీసేలోపే అమ్మ మొదలుపెట్టింది.

“రొమ్ము మొత్తం తీసేస్తరా?”

మా ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి మా అమ్మే. నేను నేల టైల్స్ చూస్తున్నాను. అనాల్సిన మనిషి మామూలుగా అనేసింది. భూకంపమేమీ రాలేదు.

డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసింది. కీమోకి గడ్డ బాగా తగ్గితే దాన్ని, చుట్టూ కొంచెం భాగాన్ని మాత్రమే తీసి, రేడియేషన్ ఇవ్వొచ్చంది. అలా సరిపోయే వాళ్ళలో, మొత్తం తీసిన వాళ్ళతో సమానంగానే ఆయుష్షు ఉంటుందని దశాబ్దాల కిందటే పెద్ద పరీక్షల్లో తేలిందంది. తర్వాత అమ్మ ఇంకో మూడు అడిగింది. ‘పిండి పిసకొచ్చా?’ ‘ఆపరేషన్ అయినంక ఆ చేయి లేస్తదా?’ ‘మా పిల్లకు వస్తదా?’ ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా నా 43 వరసల్లో లేదు.

చెల్లి గురించి డాక్టర్ చెప్పింది ఇది: రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కుటుంబంలో ఇంకెవరికి ఉందో చూసి, అవసరమైతే అమ్మకు జన్యు పరీక్ష చేద్దాం. అమ్మ ఆ రోజు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

నేను ఒక్కటే అడిగాను. “ఐదు నెలల ముందే వచ్చి ఉంటే?”

“ముందొస్తే మంచిదే. ఇప్పుడొచ్చారు. ఇప్పటి నుంచి చూద్దాం” అంది డాక్టర్. ఆ జవాబు నన్ను ఓదార్చలేదు. అబద్ధం చెప్పలేదు కాబట్టి నమ్మాను.

డబ్బు సంగతి కూడా దాచను. ఆఫీసు గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలను చేర్చే మెయిల్ ఏటా వస్తుంది. జీతంలోంచి ప్రీమియం కట్ అవుతుందని మొదటి సంవత్సరం వదిలేశాను. రెండో సంవత్సరం పక్క సీటు కొలీగ్ తిడితే టిక్ పెట్టాను. ఆ టిక్కే ఇప్పుడు మమ్మల్ని కాపాడుతోంది. గ్రూప్ పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు మామూలుగా వెయిటింగ్ పీరియడ్ ఉండదు. సొంతంగా కొనే వాటిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ ఉద్యోగం పోతే ఆ కవర్ కూడా పోతుంది. అందుకే లేఆఫ్ అన్న మాట వింటే ఇప్పుడు నాకు ఈఎమ్ఐ గుర్తు రాదు, వచ్చే కీమో తేదీ గుర్తొస్తుంది. మీ పాలసీలో అమ్మానాన్నలున్నారా, కో-పే ఎంత, లిమిట్ ఎంత, ఈ రాత్రే ఒకసారి తెరిచి చూడండి.

పాలసీ లేని వాళ్ళకు దారి లేదనుకోవద్దు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ముప్పై దాటిన ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలోనే ఉంది. దారులున్నాయి. అక్కడికి వెళ్ళి ‘రొమ్ములో గడ్డ ఉంది’ అని నోరు తెరిచి చెప్పాలి, అంతే. మా ఇంట్లో ఐదు నెలలు ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

ఈలోపు వాట్సాప్ వైద్యం మొదలైంది. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం, బొప్పాయి ఆకు రసం, చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందని ఒక వీడియో. పంపేవాళ్ళందరూ మంచివాళ్ళే. అమ్మ అన్నీ డాక్టర్‌కి చూపించింది. “కీమో నడుస్తుండగా ఏ ఆకు రసమూ వద్దు, లివర్ మీద పడుతుంది” అంది డాక్టర్. అమ్మ ఆ మాటను వాయిస్ మెసేజ్ చేసి చుట్టాల గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో అందరికీ తెలిసింది కూడా అలాగే. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పొద్దు అని మేమింకా చర్చించుకుంటుంటే ఆమె సెండ్ కొట్టేసింది.

ఫిబ్రవరిలో మొదటి కీమో. ఇరవై ఒక్క రోజులకొకసారి నాలుగు, తర్వాత వారం వారం పన్నెండు. మొదటి నాలుగింట్లో ఒక మందు రూహ్ అఫ్జా రంగులో ఉంటుంది. ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. నర్సు ఈ మాట ముందే చెప్పింది. నేను అమ్మకు చెప్పడం మర్చిపోయాను. ఆ రాత్రి బాత్రూమ్ లోంచి ఆమె కేక విన్నాక, నర్సు చెప్పేవన్నీ ఆమె ఎదురుగానే చెప్పించుకుంటున్నాం.

ఇంకొకటి: కీమో అయిన వారం, పది రోజులకి తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకూడదు, రాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్ళాలి. థర్మామీటర్ బాధ్యత నాన్న తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ స్టేజి స్టేజికీ టికెట్ల లెక్క రాసిన చెయ్యి కదా, పాత నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రోజుకు మూడుసార్లు రాస్తున్నాడు. టైమ్, టెంపరేచర్, సంతకం. సంతకం ఎందుకని అడిగితే, “అలవాటు” అన్నాడు. ‘అది’ అనే మాట తప్ప నోరు తెరవని మనిషి చేస్తున్న మాట్లాడే పని అదే అనిపిస్తుంది నాకు.

అమ్మకు నోరంతా ఇనుము రుచి. ఏదీ సహించదు. పచ్చిపులుసు ఒక్కటే లోపలికి పోతోంది. నేను నేర్చుకున్నాను. మొదటిసారి ఉప్పెక్కువైంది. “కీమో కన్నా ఇదే ఘోరంగున్నది” అంది, కానీ తినింది.

నా ఎక్సెల్ షీట్ ఇంకా ఉంది. ఇప్పుడు అందులో 19 వరసలే. దాన్ని అమ్మ ఫోన్‌లో పెట్టాను, మార్చే హక్కుతో సహా. మొన్న చూస్తే కొత్త వరస ఉంది: ‘పై పిల్లలకు కూర’. దాని పక్కన ఆకుపచ్చ రంగు.

మన ఊళ్ళో బంజారాహిల్స్‌లో బసవతారకం ఆస్పత్రి తెలియని వాళ్ళుండరు. 1985లో క్యాన్సర్‌తో పోయిన ఎన్టీఆర్ గారి భార్య పేరు అది; 2000లో మొదలైంది. రొమ్ము వైద్యంలో పేరున్న సర్జన్ డాక్టర్ రఘురామ్ గారు ఇంగ్లండ్ వదిలి హైదరాబాద్‌కి తిరిగొచ్చింది తన తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చాకే. 2007లో ఆయన పెట్టిన ఫౌండేషన్ పేరు ఉషాలక్ష్మి, ఆ తల్లి పేరే. ఇన్నేళ్ళు ఈ పేర్లను బోర్డుల మీద చదివాను. ఒక కొడుకు తన తల్లి పేరునీ, ఆ జబ్బు పేరునీ ఒకే బోర్డు మీద రాయించాడంటే అందులో ఏముందో ఇప్పుడు తెలిసింది. నేను లీవ్ ఫారమ్‌లో కూడా రాయలేకపోయాను.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిన వాళ్ళు దాదాపు 1 లక్షా 92 వేలు. మన దేశపు ఆడవాళ్ళలో ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. వాళ్ళలో ఎంతమంది ఒక పండగ కోసం, ఒక పెళ్ళి కోసం, కొడుకుకి చెప్పడానికి సిగ్గుపడి ఆగి ఉంటారో ఏ లెక్కలోనూ ఉండదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ శాతం కావు. కానీ నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. గడ్డ, చర్మం లోపలికి లాగినట్టుండటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం లాంటి స్రావం, చంకలో ఉబ్బు. వీటిలో ఏది కనిపించినా వారంలోపు డాక్టర్‌కి చూపించాలి. ఇది మీ అమ్మకు చెప్పడానికి గులాబీ టీషర్టు అక్కర్లేదు. అమ్మ మీకు చెప్పలేని విషయాలుంటాయి. అడిగితే చెప్పగలిగే ఇల్లు అయితే చాలు.

రెండో కీమో దగ్గర్లో జుట్టు ఊడటం మొదలైంది. దిండు నిండా వెంట్రుకలు. ఒక రోజు పొద్దున తనే “తీసేయించు” అంది. పార్లర్ అమ్మాయిని ఇంటికి పిలిచాం. జడ తెగి పడ్డప్పుడు నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, “ఏముంది, తిరుపతికి పోయొచ్చింది అనుకుంటరు తియ్” అంది.

నిజమే, మన దగ్గర గుండు చూస్తే ఎవరూ కారణం అడగరు. దేవుడే సాకు ఇచ్చాడనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత కూరగాయల బండి దగ్గర నేనూ ఉన్నాను. వెనక సందులో ఆంటీ వచ్చి, “ఏం వదినా, తిరుపతి పోయొచ్చిన్రా? చెప్పనే లేదు, ప్రసాదమేది?” అంది.

నేను “అవునాంటీ” అనబోయాను. నోట్లోంచి సగం వచ్చింది కూడా.

“లేదు వదినా” అంది అమ్మ, వంకాయలు ఏరుతూనే. “రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మందుకు జుట్టు ఊడింది. మళ్ళొస్తదట.”

బండి అతను తూకం ఆపాడు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక నిమిషం తర్వాత దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, “ఎట్ల తెలిసింది వదినా నీకు?” అని అడిగింది.

అమ్మ సంచి నా చేతికిచ్చి, “నువ్వు ఇంటికి నడువు, నేనొస్త” అంది. వెనక్కి తిరిగి చూస్తే గోడ పక్కన నిలబడి ఆమెకు ఏదో చేత్తో చూపిస్తూ చెప్తోంది.

మూడో కీమో ఉగాది వారంలో. నిన్న దానికి లీవ్ అప్లై చేశాను. కారణం బాక్స్‌లో ఈసారి నాలుగు మాటలు రాశాను.